మిరపకాయ రంగు: ఎండ చేయు మేలు, కీడు



పుష్యమాసము దాటినది మొదలు ముదిగొండ ప్రాంతములో ఏ దారిన పోయినను ఎర్రని కల్లములే కనిపించును. ఆ ఎరుపే మీ పంటకు ధర. ఖమ్మం మార్కెట్టులో బస్తా మూతి విప్పగానే కొనువాడు ముందు రంగు చూచును; తరువాతనే కాయను నలిపి తేమ చూచును. రంగు విరిగి తెల్లబారిన తాలుకాయ ఎర్రకాయతోపాటు అమ్ముడుపోదు. దానిని వేరుగా ఏరించి, చాల తక్కువ ధరకు ఇచ్చుకొనవలసినదే. ఏరినందుకు కూలి అదనము. చేనిలో ఎర్రగా పండిన కాయ కల్లములో తెల్లబడుట ఎందువలన? ఇది తెలిసినచో నష్టమును కొంతవరకైనను తగ్గించుకొనవచ్చును.

మిరపలో కారము వేరు, రంగు వేరు. కారము కాయలోపల గింజలంటియుండు తెల్లని ఈనెలో పుట్టును. రంగు పైతోలులో నుండును. మన తేజ రకమునకు కారము మిక్కుటము. కర్ణాటకపు బ్యాడగికి కారము తక్కువ, రంగు ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు చపాటా మిరపయు రంగునకే పేరుపడినది.

కాయ పచ్చిగానున్నప్పుడు తోలులో పత్రహరితముండును. పండునప్పుడు అది విరిగిపోయి, కెరోటినాయిడ్లు అను రంగు పదార్థములు తయారగును. వీనిలో ముఖ్యమైనది కాప్సాంథిన్. 1927లో హంగరీ దేశములో జెక్‌మైస్టర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తన సహచరునితో కలిసి దీనిని ఎర్రమిరప నుండి వేరుచేసెను. దీని అణువు పొడవైన గొలుసు వంటిది. గొలుసులో వరుసగానున్న జంటబంధముల వలననే దానికి ఎరుపు వచ్చినది. దాని బలహీనతయు అచ్చటనే యున్నది. వెలుతురు, వేడి, గాలిలోని ప్రాణవాయువు మూడును కూడినచో గొలుసు తెగును. తెగిన ముక్కలకు రంగుండదు.

ఈ చిక్కు మిరపకు మాత్రమే గలదనుకొనవద్దు. నల్లద్రాక్ష తోలులో ఆంథోసయనిన్లను వేరొక జాతి రంగులుండును. గుత్తికి తగినంత వెలుతురు సోకిననే అవి బాగుగా పట్టును. కాని కాయ వేడిమి 35 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన యెడల రంగు తయారగుట మందగించుటయే గాక, తయారైనది కూడ విరిగిపోవును. రాత్రులు చల్లగానుండు సీమలలో నల్లద్రాక్ష చక్కగా రంగు తేలుటకు ఇదియొక కారణము. అంతదూరమేల, మన పెరటి టమాటను చూడుడు. ముదురు వేసవిలో అది ఎర్రబడక పసుపుగా నిలిచిపోవును. 30 డిగ్రీలు మించిన వేడిలో దాని ఎర్రరంగు తయారగుట తగ్గిపోవుటయే దీనికి కారణము.

మిరపకును మొక్కమీద నున్నంతవరకు ఎండ మిత్రుడే. ఆకుపై పడిన వెలుతురే కాయకు ఆహారమగును. అయితే ఆకు రాలిన మొక్కపై కాయకు నేరుగా ఎండ తగిలినచో ఆ వైపు తెల్లని మచ్చపడును. కోసిన తరువాత మిత్రుడు కాస్తా శత్రువగును. నీరు తీయుటకు ఎండ కావలెను. రంగు తీయుటయు ఎండయే.

కావున కోత వేళ తొందర కూడదు. సగము ఎర్రబారిన కాయను కూలీలు దొరికిరని కోసిన యెడల, అదియే కల్లములో మొదట తాలగును. కాయ పూర్తిగా ఎర్రబారి, చెట్టుననే కొంచెము వడలినప్పుడు కోయవలెను. కోసిన కాయను వెంటనే ఎండబోయక, గాలి తగులు నీడపట్టున రెండు మూడు దినములు రాశిగా ఉంచినచో మిగిలిన పచ్చదనము పోయి రంగు సమముగా వచ్చును. హంగరీ రైతులు మిరపకాయలను దండలుగా గ్రుచ్చి ఇంటిచూరు క్రింద వ్రేలాడదీయుట ఈ సూత్రముననే. అయితే రాశి లోపల వేడెక్కుచున్నదేమో చేయిపెట్టి చూచుచుండుడు. వేడెక్కినచో తిరుగవేయవలెను.

తరువాత శుభ్రమైన పట్టాలపై పలుచగా పరచి, దినమునకు మూడు నాలుగు మారులు కలియబెట్టవలెను. మట్టినేలపై పోయరాదు. సాయంకాలము ప్రోగుచేసి కప్పవలెను. మంచుకు తడిసి, మరల ఎండకు మాడిన కాయకు తెలుపు త్వరగా వచ్చును. గోదావరి ఒడ్డున చర్ల, వెంకటాపురం వైపు కల్లములు పెట్టువారు దీనిని మరువరాదు. బూజు పట్టినచో రంగు పోవుటయే గాక, అఫ్లాటాక్సిన్ అను విషము చేరును.

తోలుపైనున్న మైనపుపొర నీటిని బయటికి పోనీయదు. ఎండుద్రాక్ష చేయువారు పొటాషియం కార్బనేటు, నూనె కలిపిన నీళ్లలో గుత్తులను ముంచుట ఆ పొరను సడలించుటకే. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థవారు మిరపకును ఇట్టి ద్రావణమును రూపొందించిరి. ఎండు దినములు తగ్గినకొలది రంగు మిగులును. సౌరశక్తి గదులలో ఆరబెట్టువారు వేడిమిని 60 డిగ్రీలు దాటనీయరాదు. దాటిన యెడల ఎరుపు గోధుమరంగునకు తిరుగును.

అన్నిటికంటె పెద్ద నష్టము ఎండిన తరువాతనే జరుగుచున్నది. తేమ 10, 11 శాతమునకు దిగి, కాయనూపగా గింజలు గలగలలాడినప్పుడు కల్లము పని ముగిసినట్లే. కాని ధర పెరుగునని, లారీ రాలేదని వారము, పది దినములు అచ్చటనే ఉంచువారు కలరు. ఎండిన కాయకు ఆ ఎండతో పని లేదు. ప్రతి పగలు కొంత రంగు ఊరకనే పోవును. వెంటనే బస్తాలకెత్తి, చీకటి, చల్లదనము గల చోట చేర్చవలెను. ధరకై ఆగదలచినవారికి శీతలగిడ్డంగియే దారి. బరువుకొరకు నీళ్లు చల్లుట మాత్రము బూజును చేతులార పిలుచుకొనుటయే.

నమ్మకము లేనివారు ఈ ఏడు ఇంటిలోనే పరీక్షించవచ్చును. ఒకే కల్లములోని ఎండుకాయలను రెండు గుప్పెళ్లు తీసుకొనుడు. ఒకదానిని గాజుసీసాలో పోసి ఎండపడు కిటికీలోను, రెండవదానిని మూతగల రేకుడబ్బాలో పోసి గదిమూలను ఉంచుడు. నెల గడచిన పిమ్మట రెండింటిని తెల్లని బట్టమీద ప్రక్కప్రక్కన పోసి చూడుడు.