డబ్బిచ్చినా చెరగని గీతలు

పాలు పోయించుకున్నప్పుడల్లా గోడమీద బొగ్గుతో ఒక గీత గీసే అలవాటు మన పల్లెల్లో ఉండేది. మీ అమ్మమ్మనడగండి, చెబుతుంది. నెలాఖరున గీతలు లెక్కపెట్టి డబ్బిచ్చేస్తే గోడ తుడిచేసేవారు. డబ్బు కట్టినా చెరగని గీతలు కూడా ఉన్నాయి. వాటిని చూడాలంటే జర్మనీ వెళ్ళాలి.

ఆ దేశానికి ఉత్తరపు కొసన, డెన్మార్కు సరిహద్దు దగ్గర ఫ్లెన్స్‌బుర్గ్ అనే పట్టణం ఉంది. జర్మనీలో ఎవరైనా రోడ్డుమీద పెద్ద తప్పు చేస్తే, జరిమానాతో బాటు ఆ పట్టణంలోని కార్యాలయంలో వారి పేరున పాయింట్లు చేరుతాయి. ఈ పద్ధతి 1974లో వచ్చింది. మొదట్లో 18 పాయింట్లకు లైసెన్సు పోయేది. 2014 మే 1 నుంచి లెక్క మార్చి 8 చేశారు.

“జరిమానా చాలదా మాస్టారూ?” అని మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. మంచి ప్రశ్న! కూలివాడికి నూరు యూరోలంటే బరువు, ధనవంతుడికి లెక్కలోది కాదు. పాయింటు మాత్రం ఇద్దరికీ ఒకటే. చేత ఫోను పట్టుకుని నడిపితే 1. ఎర్రదీపం దాటితే 1. దీపం ఎర్రబడి ఒక్క సెకను గడిచాక దాటితే 2, పైగా నెలరోజులు బండి ముట్టుకోకూడదు. ఒక్క సెకనుకే అంత పట్టింపా అంటారా? గంటకు 50 కి.మీ. వేగంతో పోయే కారు ఆ సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది!

ఇక వేగం సంగతి. జర్మనీ పట్టణాలలో మామూలు హద్దు గంటకు 50 కి.మీ. దానికి 21 కి.మీ. మించితే, అంటే 71 దగ్గర, మొదటి పాయింటు పడుతుంది. గతిశక్తి వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుందని మీరు చదువుకున్నారు కదూ! 71ని 50తో భాగించి వర్గం చేయండి. రెండు వస్తుంది. వేగం సగం కూడా పెరగలేదు, శక్తి మాత్రం రెట్టింపయింది.

రెండు కార్లు పక్కపక్కన వస్తున్నాయనుకోండి, ఒకటి 50తో, ఒకటి 71తో. ఎదుట ఒక పిల్లవాడు బంతికోసం రోడ్డుమీదికి పరుగెత్తాడు. డ్రైవర్లిద్దరికీ బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను పట్టింది. బ్రేకు వేశాక వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. మొదటి కారు మొత్తం 28 మీటర్లలో ఆగుతుంది. అదే చోటికి వచ్చేసరికి రెండో కారు వేగమెంతో తెలుసా? ఇంకా గంటకు 60 కి.మీ.! నమ్మకపోతే లెక్క వేసి చూడండి. నేను రెండుసార్లు వేశాను. ఒకసారి మా వీధిలో అలాగే ఒక పసివాడు నా స్కూటరుకు అడ్డం వచ్చాడు. జానెడు దూరంలో ఆగాను. ఆ రోజు నెమ్మదిగా వెళ్ళడం నా గొప్పేమీ కాదు, వెనక కూరగాయల సంచీ ఉంది.

పాయింట్లు 4 చేరితే హెచ్చరిక ఉత్తరం వస్తుంది. 6 అయితే మరింత గట్టి ఉత్తరం. 8 అయ్యాయా, లైసెన్సు పోయినట్లే. కనీసం ఆరు నెలలు గడిస్తేగాని కొత్తది రాదు. అయితే ఈ గీతలు శాశ్వతం కావు. 1 పాయింటు తప్పు రెండున్నర ఏళ్ళకు, 2 పాయింట్లది అయిదేళ్ళకు చెరిగిపోతుంది. అయిదు పాయింట్లకు మించనివారు తరగతులకు హాజరై ఒకటి తగ్గించుకోవచ్చు, అదీ అయిదేళ్ళకు ఒక్కసారే.

మన హైదరాబాదులోనూ 2017 ఆగస్టు 1న ఇటువంటి పద్ధతి మొదలుపెట్టారు. రెండేళ్ళలో 12 పాయింట్లయితే లైసెన్సు ఏడాదిపాటు నిలిపివేయాలని అప్పుడు నియమం పెట్టారు.

ఇప్పుడు మీకో లెక్క. జర్మనీలో బడులున్న వీధుల్లో తరచు 30 కి.మీ. హద్దు ఉంటుంది. అక్కడ 51తో పోయినా పడేది ఒక్క పాయింటే. మరి గతిశక్తి ఎన్ని రెట్లయింది?