రంగు కింద ఏముందో చూసి బోటు కొనండి

ఉప్పాడ ఒడ్డున ఒక ఫైబర్ బోటు, భైరవపాలెం కాలవలో కట్టేసిన బోటు మరొకటి. పొడవు దాదాపు సమానం, ఇంజను ఒకే కంపెనీది. మొదటిదానికి రెండు లక్షలు, రెండోదానికి రెండున్నర చెబుతున్నారని లెక్క కోసం అనుకుందాం. ఏళ్ళ తరబడి వాటా మీద కలాసీగా వెళ్ళి, ఇక సొంత బోటు చేసుకుందామనుకునేవాడికి తగిలే బేరాలు ఇలాగే ఉంటాయి. యాభై వేలు తగ్గుతుంది కదా అని మనసు ఉప్పాడ బోటు వైపే లాగుతుంది. నిజంగా తగ్గుతుందో లేదో తేలాలంటే ముందు రెండు బోట్లూ ఎక్కడ, ఎలా మసిలాయో చూడాలి.

ఉప్పాడలో బోటును ఇసుక మీదికి లాగుతారు. రోజూ లాగేసరికి అడుగున మధ్య గీత అరిగి, ఫైబర్ పోగులు బయటపడతాయి. కెరటం మీద నుంచి దబ్బున పడిన ప్రతిసారీ ముందుభాగం అడుక్కి దెబ్బ తగులుతుంది. కాలవలో నానే బోటుకు ఈ అరుగుదల తక్కువ గానీ, అడుగంతా గుల్లలు పట్టేస్తాయి, పై పూత కింద నీరు చేరి బొబ్బలు లేస్తాయి. గుల్లలు గీకేస్తే పోతాయి, బొబ్బలు అలా పోవు. ఒకటి రెండైతే బాగుచేయించుకోవచ్చు. అరచేతి వెడల్పున గుంపుగా ఉంటే మాత్రం ఆ బోటు సంగతి మర్చిపోండి.

"బంగారంలాంటి బోటండి బాబూ, మొన్ననే రంగేయించాం" అన్నారంటే అక్కడే ఆగండి. అమ్మే ముందు వేసిన రంగు పెళ్ళిచూపుల నాటి పౌడరు లాంటిది. చిన్న సుత్తి పట్టుకుని ముందు నుంచి వెనక దాకా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి ఫైబర్ టంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట, లోపల నీరు చేరిన చోట మొద్దుగా మోగుతుంది. అలా మోగినచోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. రెండు బోట్ల మీదా గీతలు లెక్కపెట్టి చూస్తే సగం తేడా అక్కడే తెలుస్తుంది. వెనక పలకకు ఇంజను తగిలించే బోటైతే ఆ పలకను రెండు చేతులా పట్టి ఊపి చూడాలి. కదిలిందంటే లోపలి చెక్క కుళ్ళిందన్నమాటే.

ఇంకో పరీక్ష మనవాళ్ళకి తెలిసిందే, కొనేటప్పుడు ఎందుకో గుర్తురాదు. బోటు మునిగిపోకుండా అరల్లో ఫోమో, థర్మాకోలో నింపుతారు. అరలోకి నీరు దిగితే ఓ పట్టాన బయటికి రాదు, బోటు బరువెక్కుతుంది. ఒకే పొడవు బోట్లలో ఒకదాన్ని లాగడానికి ఇద్దరు ఎక్కువ కావలసి వస్తే, ఆ ఇద్దరి బరువూ ఆ అరల్లోనే ఉంది. ఒడ్డుకెక్కించి రెండ్రోజులైనా అడుగు నుంచి నీరు ఊరుతూనే ఉంటే ఇక అడగాల్సిందేమీ లేదు.

ఇంజను చూడ్డానికి తెల్లారేసరికే వెళ్ళండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారని. చల్లని ఇంజను ఎన్ని ప్రయత్నాలకు అందుకుందో, పొగ ఏ రంగులో వచ్చిందో గమనించండి. నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. లోడు మీద నల్లగా కక్కుతుంటే ఇంజెక్టరో, గాలి సరిగా అందకపోవడమో. ఆయిల్ పాలరంగుకు తిరిగితే లోపలికి నీరు వెళ్ళింది, ఇంజను విప్పక తప్పదు. గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజనైతే ఒడ్డునే కాసేపు తిప్పొచ్చు గానీ, గంటసేపు నీళ్ళలో తిప్పితే తప్ప దాని గుణం తెలియదు. భైరవపాలెంలోనో అంతర్వేదిలోనో మొగ దాటి సముద్రంలోకి వెళ్ళేవాళ్ళకి ఇది ప్రాణాలతో పని. పాటు మీద మొగలో కెరటాలు విరుగుతున్నప్పుడు ఇంజను ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. వాళ్ళు బాడీలో చిన్న లోపాన్ని ఒప్పుకున్నా ఇంజనులో ఒప్పుకోకూడదు. ఇసుక మీదికి లాగేవాళ్ళు తేలికైన బోటు, పైకెత్తగలిగే ఫ్యాను చూసుకోవాలి. అందుకే పక్క ఊరి సరంగు మెచ్చిన బోటు మీకు పనికొస్తుందనేం లేదు.

బేరానికి మంచి అదను వేట నిషేధం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి కాబట్టి అడుగు తీరిగ్గా చూడొచ్చు. చేతిలో డబ్బాడని రోజులు కావడంతో ధరా కొంత దిగుతుంది. కానీ సముద్రంలో తిప్పి చూసే వీలుండదు. బయానా ఇచ్చి, మిగతాది నిషేధం ముగిశాక పరుగు చూసి ఇస్తానని మాట్లాడుకోండి. ఒప్పుకోని అమ్మకందారు ఇంజను గురించి మీకేదో చెప్పినట్టే.

ఇక కాగితాలు. చాలామంది వీటిని చివరికి వదిలేస్తారు, నా లెక్కలో మాత్రం ఇవి ఇంజనుతో సమానం. రిజిస్ట్రేషన్, లైసెన్సు సక్రమంగా ఉన్న మోటారు బోటుకు డీజిల్ రాయితీ వస్తుంది. 2019లో లీటరుకు 6.03 రూపాయల నుంచి 9 రూపాయలకు పెంచారు, నెలకు 300 లీటర్ల దాకా. పూర్తిగా వాడుకుంటే నెలకు 2,700, నిషేధం రెండు నెలలు తీసేసినా ఏడాదికి 27,000. ఉప్పాడ బోటుకు కాగితాలు లేకపోతే మీకు తగ్గిన యాభై వేలు రెండేళ్ళు తిరక్కముందే ఇలా కరిగిపోతాయి. కలాసీల సంగతి ఇంకా పెద్దది. 2025 నుంచి 20,000 అయిన నిషేధకాలపు భృతికి పేర్లు బోటు వారీగా రాస్తారు. కాగితం లేని బోటెక్కితే తమ పేరు ఉండదని కలాసీలకు తెలుసు, పనిమంతులు అసలే ఎక్కరు.

బోటు మీద రాసిన నంబరు, కాగితంలోని నంబరు, ఇంజను మీద చెక్కిన నంబరు మూడూ మీ కళ్ళతో చూసి సరిపోల్చుకోండి. సబ్సిడీలో వచ్చిన బోటైతే బ్యాంకు బాకీ ఉందా, అమ్మడానికి షరతులున్నాయా అని మత్స్యశాఖ ఆఫీసులోనే అడగండి. చేపల వ్యాపారి దగ్గర అడ్వాన్సు తిన్న బోట్లూ ఉంటాయి. మీరు కొన్న మర్నాడు ఆయనొచ్చి సరుకు తనకే వేయాలంటాడు. ఆ ఊరి రేవులో నలుగురిని వాకబు చేస్తే ఇది దాగదు.

ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకునేటప్పుడు వలలు, ఐస్ పెట్టె, ట్రాన్స్‌పాండర్, లైఫ్ జాకెట్లు బేరంలో ఉన్నాయా లేవా వేర్వేరుగా రాయించండి. పేరు మార్పు దరఖాస్తు మీద అమ్మినవాళ్ళ సంతకం పడ్డాకే చివరి వాయిదా చెల్లించండి.