వారానికి వెయ్యి పదాలు

నవల మొదలుపెట్టినప్పుడు వారానికి ఐదు వేల పదాలని టార్గెట్ పెట్టుకున్నా. మూడు వారాలూ ఫెయిల్.

ఆంథొనీ ట్రోలప్ పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే, వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాసేవారు. రోజూ ఎన్ని పేజీలయ్యాయో డైరీలో లెక్క వేసేవారు. ఆ స్పీడ్ నాకు రాదు, లెక్క మాత్రం నేర్చుకున్నా.

నా షీట్‌లో మూడే కాలమ్స్: తేదీ, పదాలు, ఎందుకు ఆగాను. నెల తర్వాత చూస్తే మూడోదాంట్లో ఎక్కువగా ఉన్నది "టైం లేదు" కాదు, "తెలుగు మాట తట్టలేదు". ఇంగ్లీష్ మీడియం చదువు మరి!

టార్గెట్ వెయ్యికి తగ్గించా. ఆగిన చోట ఖాళీ వదిలి, ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేసి అడుగుతున్నా. వాన నీళ్ళు కారే ఇంటికప్పు అంచుని "చూరు" అంటారని అలానే తెలిసింది. పోయిన వారం 1,040 పదాలు.

మీరూ ఎన్ని రాశారో ఒక్కటే కాదు, ఎందుకు ఆగారో కూడా రాసి చూడండి.