నాడి లయ తప్పినప్పుడు

హకీము నబ్జ్ చూడడం, వైద్యుడు నాడి పట్టడం కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల పెద్దలకు కొత్త విషయాలు కావు. ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో నాడీగతిని జింక గంతుతోను, చీమ నడకతోను పోల్చినాడు. శార్ఙ్గధర సంహిత పామును, కప్పను, హంసను ఉపమానాలుగా గ్రహించినది. మణికట్టు మీద వేళ్ళుంచి గుండె నడకను తెలుసుకోవచ్చునన్న విషయంలో ఈ రెండు సంప్రదాయాలకు భేదం లేదు. ఆధునిక వైద్యం కూడ ఆ వేళ్ళను విడువలేదు; వాటికి ఇ.సి.జి. కాగితాన్ని తోడు చేసినది.

గుండె నిమిషానికి 70 సార్ల చొప్పున దినానికి సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఈ లయకు మూలమైన కణసముదాయం కుడి కర్ణిక పైభాగంలో ఉన్నదని 1907లో కీత్, ఫ్లాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు వెల్లడించినారు. అక్కడ పుట్టిన విద్యుత్ ప్రేరణ కర్ణికల మీదుగా జఠరికలకు దిగుతుంది. కొందరిలో ఈ క్రమం చెడి, కర్ణికలలో ప్రేరణలు అనేకం ఒక్కమారుగా చెలరేగుతాయి. అప్పుడు కర్ణికలు ముడుచుకొనుటకు బదులు వణుకుతాయి; నాడి ఏ లెక్కకూ అందదు. దీనినే ఏట్రియల్ ఫిబ్రిల్లేషన్ అంటారు. రోగి దీనిని ‘దడ’ అని మాత్రమే చెప్పుకుంటాడు. నిజమైన అపాయం దడలో లేదు. ఎడమ కర్ణికకు చెవి వలె అంటి ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

ఆ సంచిని మూసివేసే పద్ధతులపై అమెరికాలో కృషి చేసిన వారిలో తెలుగువాడైన డాక్టర్ ధనుంజయ లక్కిరెడ్డి ఒకరు. అయితే మేమిక్కడ ప్రస్తావించదలచినది ఆయన చేసిన మరొక పరిశోధన. యోగం గుండెకు మంచిదని మనలో అనని వారు లేరు. కొలిచి చూసినవారు మాత్రం అరుదు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం ఈ పని చేసి, 2013లో ఫలితాలను అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ప్రకటించినది. వచ్చి పోయే రకపు ఫిబ్రిల్లేషన్ గల 49 మందిని మొదట 3 నెలలు ఊరక గమనించినారు. పిమ్మట 3 నెలలు వారానికి రెండుమార్లు, గంటసేపు యోగం నేర్పినారు. బాధ తెలిసే ఫిబ్రిల్లేషన్ ఘట్టాల సగటు 3.8 నుండి 2.1కి తగ్గినది. ఆందోళన, కుంగుబాటు కూడ తగ్గినవి.

ఈ అంకెలను చూచి పరవశించడానికి ముందు విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: దేనితో పోల్చినారు? ప్రతి రోగినీ అతని మునుపటి 3 నెలలతోనే పోల్చినారు. యోగం చేయని వేరొక జట్టు లేదు. వారం వారం ఒక గురువు వద్ద కూర్చొనుట వలననే కొంత నెమ్మది కలిగియుండవచ్చును. అందుచేత ఈ పరిశోధన ఒక ఆశను చూపినదే గాని, యోగం జబ్బును కుదిర్చినదని నిరూపించలేదు. మా దృష్టిలో ఇది దానికి లోపం కాదు. ఇంటింటా వినవచ్చే మాటను లెక్కకు దించడమే పెద్ద పని.

ఇక మన ప్రాంతపు సంగతి. సంపన్న దేశాలలో ఈ జబ్బుకు ఎక్కువగా వృద్ధాప్యం, రక్తపోటు కారణాలు. మన దేశంలో చిన్ననాటి గొంతునొప్పి వెనుక వచ్చిన కీళ్లవాత జ్వరం గుండె కవాటాన్ని చెడగొట్టగా, పడుచు వయసు స్త్రీలలో కూడ ఇది కనిపిస్తుంది. గొంతునొప్పికి సకాలంలో పెన్సిలిన్ పడితే ఆ జ్వరాన్ని చాలావరకు నివారించవచ్చును. కవాటం చెడి లయ తప్పిన వారికి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు కావాలి. భారతదేశంతో సహా 24 దేశాలలో 4,500 మందికి పైగా ఇట్టి రోగులపై జరిగి 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరిశోధనలో, పరీక్షల బెడద లేని కొత్త మందు రివరాక్సబాన్ కంటె వార్ఫరిన్ వంటి పాత మందులే ఎక్కువ ప్రాణాలు నిలిపినవి.

పాత మందుకు మాత్రం తరచు రక్తపరీక్ష తప్పదు. ఉట్నూరు దిక్కు గూడెం నుండి పరీక్షకు పట్టణం రావడమంటే ఒకనాటి కూలి పోగొట్టుకోవడమే. దడ తగ్గినదని, ఆసనాలు వేస్తున్నామని మాత్ర మానివేసేవారు ఇక్కడనే ఏర్పడతారు. లక్కిరెడ్డి బృందం యోగాన్ని మందులకు తోడుగానే చూచినది గాని, వాటికి బదులుగా కాదు.