గోకే బిడ్డకు ఇంట్లో ఏం చేయాలి?

అనకాపల్లిలో పసిబిడ్డ బుగ్గ మీద ఎర్రగా, గరుకుగా మచ్చ లేచిందంటే వైద్యం వీధి అరుగు మీదే మొదలవుతుంది. ఒకరు వేపాకు నూరి పట్టించమంటారు, ఒకరు కొబ్బరి నూనెలో కర్పూరం వేసి రాయమంటారు, ఇంకొకరు బిడ్డకు పాలిచ్చే తల్లిని వంకాయ మానేయమంటారు. వీటిలో పనికొచ్చేవి తక్కువ. ఉన్న ఆ కొద్దిపాటివి మాత్రం నిజంగా పనికొస్తాయి.

1. ముందు జబ్బు పేరు తేల్చుకోండి

ఎగ్జిమా అనే దురద జబ్బు పాలు తాగే వయసులో బుగ్గల మీద కనిపిస్తుంది. నడక వచ్చాక మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి చేరుతుంది. అమ్మకో నాన్నకో ఉబ్బసం, అలర్జీ తుమ్ములు ఉన్న ఇళ్లలో ఎక్కువ. ఒకరి నుంచి ఒకరికి అంటదు. అలా కాక, రాత్రయ్యేసరికి ఇంటిల్లిపాదీ గోక్కుంటున్నారంటే, వేళ్ల సందుల్లో పొక్కులున్నాయంటే అది గజ్జి కావచ్చు. అంచు లేచి, మధ్య తేటపడి, గుండ్రంగా పాకేది తామర. మూడింటికీ మందులు వేరు. ఊళ్లోని ఎన్టీఆర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనో, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) చర్మవ్యాధుల విభాగంలోనో ఒకసారి చూపించాకే ఇంటి వైద్యం మొదలుపెట్టండి.

"రక్తం చెడింది, లోపలి వేడి బయటికొస్తోంది" అనే మాట పక్కన పెట్టండి. చర్మం పైపొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఉంది. దాని జన్యువులో లోపం ఎగ్జిమాకు పెద్ద కారణాల్లో ఒకటని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఆ పొర నెర్రెలిచ్చిన చెరువు గట్టులా ఉంటుంది: లోపలి తేమ కారిపోతుంది, బయటి దుమ్మూ సబ్బూ సూక్ష్మక్రిములూ లోపలికి పోతాయి. కాబట్టి ఇంట్లో మనం చేయాల్సింది ఆ గట్టు పూడ్చడమే.

2. స్నానం

రోజూ పోయవచ్చు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, అయిదు నుంచి పది నిమిషాల్లో ముగించాలి. నలుగు మానేయండి. శనగపిండి, సున్నిపిండి పెట్టి రుద్దడం మామూలు బిడ్డకు చెల్లుతుందేమో గానీ, పగిలిన చర్మానికి అది గీకుడే. అమ్మమ్మలకు ఇది నచ్చదు. అయినా చెప్పక తప్పదు. సబ్బు వాడాల్సివస్తే వాసన లేనిది, మట్టి అంటిన చోట మాత్రమే. కావాలంటే ఓట్స్‌ను మిక్సీలో మెత్తటి పొడి చేసి నీళ్లలో కలపండి. ఒక చెంచా పొడి గ్లాసు నీళ్లలో వేస్తే పాలలా తెల్లబడాలి. అడుగున పేరుకుంటే ఇంకా మెత్తగా పట్టాలి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వద్దు.

3. తడి ఆరకముందే పూత

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. మెత్తటి నూలు తువ్వాలుతో అద్ది, ఒంటి మీద కాస్త తడి ఉండగానే, రెండు మూడు నిమిషాల లోపు పూత పూయాలి. మరోసారి పడుకునే ముందు. ఎంత? బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాముల మాయిశ్చరైజర్ చెబుతాయి. మనం వేలి చివర ముంచి నెలంతా దాచుకునే చిన్న డబ్బా లెక్క కాదది.

నూనెల్లో నా ఓటు కొబ్బరి నూనెకే. 2014లో ఫిలిప్పీన్స్ వైద్యులు ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద ఎనిమిది వారాల పరీక్ష జరిపి, వర్జిన్ కొబ్బరి నూనె మినరల్ ఆయిల్ కంటే బాగా పనిచేసిందని చూపించారు. ఆ పిల్లలవి తేలికపాటి, మధ్యరకం ఎగ్జిమాలని గుర్తుంచుకోండి. ఉద్దానం కొబ్బరికాయల పాలు తీసి సన్నసెగ మీద కాచిన నూనె అయినా సరే, అందులో వాసనలూ ఆకులూ వేయకండి. ముందు మోచేతి లోపల కొంచెం రాసి రెండు రోజులు చూడండి. ఆవ నూనె, ఆలివ్ నూనె చర్మం పొరను ఇంకా బలహీనం చేస్తాయి. వేరుశనగ నూనె పగుళ్ల మీద వద్దు, ఆ పప్పు అలర్జీకి దారితీయవచ్చు.

మన ఎండాకాలంలో చిక్కటి పూత కింద చెమటకాయలు లేస్తాయి. పగలు పలచటి లోషన్, రాత్రి వాసలీన్ లాంటి జిడ్డు పూత వాడుకుంటే సరిపోతుంది.

4. బట్ట, గోరు, దుమ్ము

వదులు నూలు బట్టలే వేయండి. ఉతికాక సబ్బు పోయేదాకా రెండుసార్లు జాడించండి. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. చెరకు తోట నుంచో, బెల్లం వండే చోట నుంచో వచ్చినవారు ఒళ్లు కడుక్కుని, బట్ట మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. చెరకు ఆకు నూగు పెద్దవాళ్లకే దురద పుట్టిస్తుంది.

5. పథ్యం

వంకాయ, గోంగూర, ఎండు చేప అంటూ జాబితా పెట్టి కోసేయకండి. ఏదైనా తిన్న వెంటనే దద్దుర్లు, వాంతి, పెదవుల వాపు వస్తే డాక్టరుకు చెప్పండి. ఊహ మీద పాలు, గుడ్డు మాన్పిస్తే బిడ్డ బరువు తగ్గుతుంది, దురద మాత్రం తగ్గదు. ప్రోబయోటిక్ పొడులు కూడా ఎగ్జిమాను పెద్దగా తగ్గించవని 2018 కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ డబ్బు నూనెకు పెట్టండి.

6. ఇవి ముట్టుకోవద్దు

కర్పూరం పగిలిన చర్మంలోంచి ఒంట్లోకి ఇంకుతుంది, పసివాళ్లకు మూర్ఛ తెప్పించగలదు. వేప నూనె చుక్క కూడా తాగించకండి. అది తాగిన పసిపిల్లల మెదడు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. "ఆకులతో చేసింది, హాని లేదు" అని పేరూ చిరునామా లేని డబ్బాలో అమ్మే లేపనం రెండు రోజుల్లో మాయ చేసిందంటే అనుమానించండి. 1999లో లండన్ వైద్యులు 11 చైనా మూలికా పూతలను పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది.

అలాగని డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను చూసి భయపడకండి. చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు పూస్తే మంట తొందరగా అణుగుతుంది. నూనె దానికి పోటీ కాదు, తోడు. తప్పల్లా చీటీ లేకుండా కొని నెలల తరబడి పూయడంలో ఉంది. అందుకే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది.

7. ఇంటి వైద్యం ఆపాల్సిన ఘడియ

రసి కారినా, తేనె రంగు పక్కు కట్టినా, దురదతో బిడ్డ రాత్రుళ్లు నిద్రపోకున్నా వెంటనే చూపించండి. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఎగ్జిమా ఉన్న చోట ఒక్కసారిగా ఒకేరకం చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, అవి చితికి గుంట పుండ్లయి, జ్వరం వస్తే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. చూడ్డానికి అమ్మవారు పోసినట్టే ఉంటుంది. నూకాలమ్మ తల్లి కొలువైన అనకాపల్లిలో అలాంటప్పుడు మందు మాని వేపమండలు తెచ్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ వైరస్‌కు మందుంది, గంటలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. కంటి దగ్గర లేస్తే చూపుకే ముప్పు. మండలు గుమ్మానికి కట్టుకోండి, మొక్కు మొక్కుకోండి, బిడ్డను మాత్రం ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.