ముహూర్తం మారితే ఎవరెవరికి చెప్పాలి?

కంకిపాడులో ఒక ఇంట పెళ్లి కుదిరిందనుకోండి. లగ్నపత్రికలోని ముహూర్తం చూసి శుభలేఖలు అచ్చు వేయించారు, వంటవాళ్లను, సన్నాయి మేళాన్ని మాట్లాడారు. అంతలో ముహూర్తం మారింది! శుభలేఖలు మళ్లీ అచ్చు వేయించాలి, వంటవాళ్లకూ మేళానికీ కబురు చేయాలి. పెళ్లికూతురి పట్టుచీర మాత్రం మళ్లీ నేయించనక్కరలేదు. మేళానికి చెప్పడం మరిచారో, తాళి కట్టేవేళ బాజా ఉండదు.

కంప్యూటరు ప్రోగ్రాముల్లోనూ ఇదే చిక్కు. సి భాషలో పెద్ద ప్రోగ్రామును ముక్కలు ముక్కలుగా, వేరువేరు ఫైళ్లలో రాస్తారు. కంపైలర్ ఒక్కొక్క ముక్కనూ యంత్రభాషలోకి మారుస్తుంది. లింకర్ వాటన్నిటినీ కలుపుతుంది. అన్ని ముక్కలకూ తెలియవలసిన సంగతులను విడిగా ఒక ఫైలులో ఉంచి, కావలసిన ప్రతి ముక్క మొదట్లో దాన్ని చేర్చుకోమని రాస్తారు. దీనిని హెడర్ ఫైలు అంటారు. మన లగ్నపత్రిక వంటిదన్నమాట.

మార్కుల ప్రోగ్రాము ఒకటి తీసుకుందాం. విద్యార్థికి 6 సబ్జెక్టులని హెడర్‌లో ఉంది. ఒక ముక్క మార్కులను డిస్కులో వరసగా రాస్తుంది. రెండోది వాటిని చదివి అచ్చు వేస్తుంది. సబ్జెక్టులు 7 అయ్యాయి. హెడర్ దిద్దాం, కాని మొదటి ముక్కను మాత్రమే మళ్లీ కంపైల్ చేశాం. ఏమవుతుంది? మొదటిది ఏడేసి అంకెలు రాస్తుంది, రెండోది ఆరేసి చదువుతుంది. మొదటి విద్యార్థి ఏడో మార్కు రెండో విద్యార్థికి మొదటి మార్కుగా పడుతుంది! ఆ తరువాత అందరివీ తారుమారే. పాసైన పిల్లవాడు ఫెయిలు కావచ్చు. కంప్యూటరు మాత్రం తప్పని చెప్పదు. ప్రోగ్రాము ఎంత వెతికినా మీకు తప్పు దొరకదు, రాసినదాంట్లో తప్పు లేదు కనుక.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఒక శాస్త్రజ్ఞుడు ఇలాగే, దిద్దిన ఫైలును కంపైల్ చేయక, సరైన ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఒక ఉదయమంతా పోగొట్టుకున్నాడు. ఆయన సహోద్యోగి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో 'మేక్' అనే ప్రోగ్రాము రాశాడు. ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో మనం జాబితా రాసి ఇస్తే, మేక్ ఫైళ్లు మారిన వేళలను పోలుస్తుంది. తయారైన ముక్క కంటే హెడర్ కొత్తదైతే ఆ ముక్కను మళ్లీ కంపైల్ చేయిస్తుంది. లేకపోతే జోలికి పోదు.

మరి జాబితాలో హెడర్ పేరు రాయడం మనమే మరిస్తే? మళ్లీ మేళం కథే. నా మటుకు, ఈ జాబితాను చేత్తో రాయకపోవడమే మేలు. కంపైలర్ ఎలాగూ ప్రతి హెడర్‌నూ తెరిచి చదువుతుంది కదా! ఏవేవి చదివిందో దానిచేతే రాయించవచ్చు. జి.సి.సి. వంటి కంపైలర్లు అడిగితే ఈ పని చేస్తాయి.

ఇంకొక జాగ్రత్త. కంప్యూటరులోని చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం పాత తేదీకి పోతుంది. అప్పుడు ఇవాళ దిద్దిన హెడర్ కూడా పాతదిగానే కనబడుతుంది, మేక్ కదలదు. ముందు తేదీ సరిచూడండి.

ఇప్పుడు మీకొక ప్రశ్న. హెడర్‌లో కేవలం ఒక వ్యాఖ్యలోని అక్షరదోషం దిద్దారు. లెక్కలో ఏ మార్పూ లేదు. మేక్ ముక్కలను మళ్లీ కంపైల్ చేయిస్తుందా, చేయించదా? అది దేన్ని చూసి నిర్ణయిస్తుందో గుర్తుచేసుకుని చెప్పండి.