మనుమడితో నల్లమలకు: ఆలస్యంగా నేర్చుకున్నవి

మా ఇల్లు అడిక్‌మెట్‌లో. యాభై ఏళ్లుగా పొద్దుటి నడక ఉస్మానియా క్యాంపస్‌లోనే. చెట్ల మధ్య నుంచి నెమలి కూత వినబడితే ఇప్పటికీ కాళ్లు ఆగిపోతాయి. పోయిన డిసెంబరులో, పద్నాలుగేళ్ల మనుమణ్ణి తీసుకుని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వెళ్లాను. మన్ననూరులో రెండు రాత్రుల బస, చెంచు గైడుతో సఫారీ. అక్కడ నేను చేసిన పొరపాట్లు ఇంకొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

1. పిల్లల వయసు మన తీరిక కోసం ఆగదు.

నా కొడుకు ఏడో తరగతిలో ఉండగా నల్లమల చూపించమన్నాడు. పదో తరగతి అయ్యాక పోదామన్నాను. తర్వాత ఇంటర్ అన్నాను, ఎంసెట్ అన్నాను. ఎంసెట్ అయ్యేసరికి వాడు అడగడం మానేశాడు. పిల్లలు మారాం చేస్తున్నంత కాలం మన మీద నమ్మకం ఉన్నట్టు. నోరు మెదపడం మానేశాక మనం ఎంత ప్రేమగా పిలిచినా వాళ్లకు వేరే పని ఉంటుంది. కొడుకు విషయంలో ఆ తప్పును దిద్దుకునే వీలు లేదు.

2. అడవికి తన వేళలున్నాయి, మన వేళలు దానికి పట్టవు.

వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఉండవు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండ్లను వదలరు. హైదరాబాద్ నుంచి మన్ననూరు దాదాపు నూట నలభై కిలోమీటర్లు. ఎంతసేపట్లే అనుకుని మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరాను. డిండి దగ్గర చెరువు చూద్దామని ఆగాం. మన్ననూరు చేరేసరికి చీకటి పడింది. కొండల మీద పొద్దు గుంకడం మనుమడు చూడలేకపోయాడు. పొద్దున్నే బయల్దేరండి.

3. సౌకర్యం ఎవరికోసమో ముందే తేల్చుకోవాలి.

నెల రోజుల ముందు నుంచే ఏర్పాట్లు చేశాను. రెండు దిండ్లు, శాలువలు, ఫ్లాస్కు నిండా చాయ్, డబ్బా నిండా సకినాలు. గది మంచిది అడిగాను, జీపులో మెత్తటి సీటు అడిగాను. మనుమడికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. వాడికి కావలసింది డ్రైవరు పక్కన, ముందంతా కనబడే చోటు. చలిగాలి కొడుతుందని వాణ్ణి మధ్యలో కూచోబెట్టి శాలువ కప్పాను. మొదటి సఫారీ అంతా వాడు నా భుజం మీదుగా అడవిని చూశాడు. నా మోకాళ్ల నొప్పికి కావలసిన ఏర్పాటు వేరు, పద్నాలుగేళ్ల కళ్లకు కావలసిన ఏర్పాటు వేరు. రెండోరోజు పొద్దున అడగకుండానే ముందు సీటు వదిలాను.

4. గైడు చేయెత్తితే పెద్దరికం పక్కన పెట్టాలి.

ఫర్హాబాద్ దారిలో నేను చరిత్ర చెబుతున్నాను. నిజాంల కాలంలో ఇది వేటకు పేరుపడ్డ చోటని, 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడిందని, 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి అడవి అమ్రాబాద్‌గా వేరైందని. గైడు చేయెత్తాడు. నేను వాక్యం పూర్తి చేశాను. ఆ వాక్యమే నా తప్పు.

"మాట్లాడకుండ్రి సార్" అన్నాడు, నెమ్మదిగా. ఎక్కడో కొండముచ్చు దగ్గినట్టు అరిచింది, మళ్లీ అరిచింది. పైనుంచి ఏదో చూసి కింది జంతువులకు చెబుతోందట. గైడు చేయెత్తినప్పటి మొదటి కూత మనుమడు విన్నాడు, నేను వినలేదు. కాసేపటికి వాగు ఒడ్డున వెదురు కదిలింది. కణితి ఒకటి బయటికొచ్చి, ఒక కాలు గాల్లోనే ఉంచి మావైపు చూసింది. ముక్కు తడిగా మెరుస్తోంది. చెవులు రెండూ రెండు దిక్కులకు తిరిగి ఉన్నాయి. మనుమడు ఊపిరి బిగబట్టాడు. ఫోన్ తీస్తాడనుకున్నాను, తీయలేదు. దారి పొడవునా ఫోన్ చూస్తున్నాడని నేను తిట్టిన తిట్లు అప్పుడు గుర్తొచ్చి బాధపడ్డాను.

5. పులి కనబడుతుందని మాట ఇవ్వకూడదు.

మాకు పులి కనబడలేదు. ధూళిలో దాని అడుగు కనబడింది. మనుమడు తాకకుండా, పక్కనే తన అరచేయి పెట్టి కొలుచుకున్నాడు. మూషిక జింక సంగతి కూడా ముందే చెప్పి ఉండాల్సింది. మన తార్నాక పక్కనే ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు జూతో కలిసి పెంచిన ఆ కుందేలంత ప్రాణుల్ని 2017లో ఈ అడవిలోనే వదిలారు. మా వీధి నుంచి ఈ కొండలకు అంత దగ్గరి చుట్టరికం ఉంది. నేను మాత్రం ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి పులి పేరే ఎత్తాను.

6. మనం దాచింది పిల్లలకు ఏదో ఒకనాడు ఎదురవుతుంది.

మా ఊరి ఇంట్లో గోడకు రెండు గొట్టాల తుపాకీ వేలాడేది. 1967లో, నాకూ పద్నాలుగేళ్లప్పుడు, బాపు నన్ను వేటకు తీసుకుపోయాడు. ఆయన కూడా ఎంతో జాగ్రత్తగా ఏర్పాటు చేశాడు. ఎడ్లబండిలో గడ్డి పరిచి దాని మీద బొంత వేశాడు, దారి చూపడానికి ఒక చెంచు పెద్దాయనను పిలిచాడు. తెల్లవారుతుండగా బాపు కాల్చాడు. ఆడ దుప్పి. దగ్గరికి పోయి చూస్తే పొదుగు పాలతో నిండి ఉంది. పిల్ల ఎక్కడో ఉందని ఆ పెద్దాయన ఒక్క మాట అని తల తిప్పుకున్నాడు. "మగపిల్లడివి, ఏడవకు" అన్నాడు బాపు. ఆ రాత్రి అందరితో పాటు నేనూ తిన్నాను.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. బాపు తుపాకీని అప్పగించేశాడు. నేను ఆ వేట సంగతిని యాభై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. మన్ననూరులో రెండో రాత్రి మనుమడే అడిగాడు: "తాతా, మనోళ్లు ఎవరన్నా వేటాడిండ్రా?" అబద్ధం నాలుక మీదికి వచ్చింది. మింగేసి అంతా చెప్పాను, తిన్న సంగతితో సహా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్ల ఏమైంది?" అన్నాడు. తెలియదన్నాను. వెతికారా అన్నాడు. వెతకలేదన్నాను. ఆ మాట చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. వాడు నా శాలువ సరిచేసి పడుకున్నాడు.

బాపు చెడ్డవాడు కాడు. తనకు తెలిసిన గొప్ప కానుకే నాకివ్వాలనుకున్నాడు. ఆ కాలంలో తండ్రి కొడుక్కి అడవిని అప్పగించే తీరు అదే. నాకు దొరికింది అంతకంటే మంచి తీరు. దానికి నా గొప్ప ఏమీ లేదు, చట్టం చేసిన మేలు, చెంచు గైడు పుణ్యం.

ఇంటికొచ్చాక మనుమడు వాళ్ల నాన్నకు కణితి నిలబడ్డ తీరు చేసి చూపించాడు, ఒక కాలు ఎత్తి, ఊపిరి బిగబట్టి. నా కొడుకు టిఫిను ప్లేటు పక్కన పెట్టి చూశాడు. అక్టోబరులో మళ్లీ సఫారీలు మొదలవుతాయి. ఈసారి ముగ్గురికి గది కావాలని చెప్పాను. నలభై అయిదేళ్లవాడే అయినా ముందు సీటు ఒక పూట వాడిది.